ఉచిత ప్రయాణము – ఊరి జాతర

దీపావళి వెళ్ళి కార్తికము ప్రవేశించునప్పటికి మన దక్షిణ తెలంగాణపు మెట్టసీమలో జాతరల ఋతువు మొదలగును. కురుమూర్తి కొండక్రింద అంగళ్ళు లేచును. మాఘమాసమున చెరువుగట్టుమీద అగ్నిగుండములు రగులును. ఏడాది విడిచి ఏడాది దురాజుపల్లి పెద్దగట్టు "ఓ లింగా" యను కేకలతో మారుమ్రోగును. చైత్రపౌర్ణమికి నల్లమల లోపలి సలేశ్వరపు త్రోవ కొలదిదినములకు మాత్రము తెరచుకొనును. ఈ పండుగల వరుస మన జిల్లాలలో అక్షరము రానివారికి సైతము కంఠస్థము. ఇటీవల ఈ పంచాంగములో నొక క్రొత్త గ్రహము ప్రవేశించినది. దాని పేరు సున్నా టిక్కెట్టు. ఆ గ్రహఫల మెట్టిదో, అది పెద్ద క్షేత్రములకును చిన్న జాతరలకును ఏమి చేయుచున్నదో కొంచెము విచారింతము.

2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణ ప్రభుత్వము మహాలక్ష్మి పథకమును ప్రారంభించినది. ఈ రాష్ట్రమున నివసించు స్త్రీలును బాలికలును పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రపు టెల్లలలోపల ఎంత దూరమైనను ఛార్జి చెల్లింపక ప్రయాణింపవచ్చును. కండక్టరు సున్నా రూపాయల టిక్కెట్టు చేతికిచ్చును. ఆ వెలను ప్రభుత్వము బస్సుల సంస్థకు చెల్లించును. 2025 జూలై నాటికి ఇట్టి ప్రయాణములు రెండువందల కోట్లు దాటినవని ప్రభుత్వము ప్రకటించి, బస్సు డిపోలలో ఉత్సవములు జరిపినది.

పేరునకిది ఉచిత ప్రయాణము. తత్త్వమున నొక సీజను టిక్కెట్టు. వెల పన్నుల రూపమున ముందే చెల్లిపోయినది. బస్సెక్కిన ప్రతిసారి చేతినుండి జారునది లేదు. రైల్వేవారి నెలసరి టిక్కెట్టు మహబూబునగరమునుండి పట్నమునకు పోయివచ్చు ఉద్యోగులకు చిరపరిచితమే. కాని యది ఒక్క దారికే చెల్లును. ఈ సున్నా టిక్కెట్టు అన్ని దారులకును, అన్ని కొండలకును చెల్లును. ఒక్క దారికి చెల్లు టిక్కెట్టుకును అన్ని దారులకు చెల్లు టిక్కెట్టుకును గల భేదమే నేటి మన ప్రశ్నకు మూలము.

ముందుగా నొకమాట స్పష్టపరుపవలెను. ఈ పథకమును నిందించుటకు నేను కలము పట్టలేదు. పాలమూరు కూలీల వలసలతో దేశమున పేరుపడిన సీమ మనది. రాళ్ళుమోసి, కాలువలు త్రవ్వి, ఇతరులకు దారులు వేసిన స్త్రీ, తన మ్రొక్కు తీర్చుకొనుటకు బస్సు ఛార్జికై మగనివైపో కొడుకువైపో చేయి చాపవలసివచ్చిన దినములు మనము చూచినవే. ఆ చేయి చాపు నవసరము తప్పినది. ఆసుపత్రికి, కళాశాలకు, పుట్టింటికి, దేవునికొండకు ఆమె తన యిష్టముచొప్పున పోగలుగుచున్నది. 1932 జూన్ మాసమున నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ క్రింద 27 బస్సులతో ప్రారంభమైన రవాణాసంస్థ, తొమ్మిది దశాబ్దములు గడచిన పిమ్మట ఇంతటి సామాజిక కార్యమునకు సాధనమగుట గర్వింపదగినదే. కావున నా ప్రశ్న స్త్రీలు ఉచితముగా పోవచ్చునా యనునది కాదు. పోవువారందరును ఎచ్చటికి పోవుచున్నారు, ఎచ్చటికి పోవుట మానుచున్నారు, ఆ రెండుచోట్లను ఏమి జరుగుచున్నదనునదే.

జాతర యనునది యాత్రాశబ్ద భవము. యాత్ర యనగా ప్రయాణము. మన పూర్వులు దేవునికి జరుపు సంబరమునకు పూజ పేరు పెట్టక ప్రయాణపు పేరు పెట్టిరి. ఆ ప్రయాణమునకు దూరమునుబట్టి ఖర్చు. ప్రక్కయూరి గట్టుకు నడచియో, బండి గట్టుకొనియో, పది రూపాయల ఆటోమీదనో పోవచ్చును. దూరపు పెద్ద క్షేత్రమునకు పోవలెనన్న సొమ్ము కూడబెట్టవలెను. అందుచేత సామాన్య కుటుంబము ఏటికొకసారి పెద్దకొండకును, తక్కిన పండుగలకు దగ్గరి గట్లకును పోవుట ఆచారమైనది. ఎవరును శాసింపకయే ఏర్పడిన విభజన యిది. దూరమునకు వెల యుండుటయే చిన్న జాతరకు కంచెవలె నిలిచినది. పెద్దకొండ వైభవముతో చిన్నగట్టు పోటీపడలేదు. కాని చేరువతనము దాని సొమ్ము. సున్నా టిక్కెట్టు ఆ కంచెను తొలగించినది. దూరమునకు వెల పోయిననాడు చేరువతనమునకు విలువ పోయినది. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క వాక్యములో నున్నది. తక్కినది దీనికి వివరణము.

పట్టణమున చదువుకొను కుర్రవాడు మెస్సులో నెలకు భోజనపు సొమ్ము ముందే కట్టును. ఆనాటినుండి వీథిమొగమున నున్న పెద్దమ్మ పూరీల బండివైపు చూడడు. ఆమె పూరీలు మెస్సు అన్నముకంటె రుచిగానే యుండవచ్చును. కాని మెస్సులో మఱియొక ముద్దకు వెల లేదు. ఆమె బండివద్ద మొదటి ముద్దకే వెల యున్నది. మెస్సులో బారులు పెరుగును, కూర చల్లబడును, కుర్రవాడు విసుగుకొనును. అయినను కట్టిన సొమ్ము వాని నచ్చటికే యీడ్చును. పెద్దమ్మ వంటలో లోపమేమియు లేకయే ఆమె బండి మూలబడును. పలుచోట్లకు చెల్లు పాసులన్నియు మానవుని మనస్సుపై చేయు పని యిదియే.

మరి సున్నా టిక్కెట్టు చిన్నగట్టుకు సైతము చెల్లునుగదా, మెస్సు పోలిక యెట్లు కుదురునని చదువరు లడుగవచ్చును. కాగితముమీద చెల్లును, నేలమీద చెల్లదు. టిక్కెట్టు బస్సు పోవునంతమేరకే చెల్లును. యాదగిరిగుట్టకు డిపో కలదు. నలుదిక్కులనుండి బస్సులు గుట్ట పాదము చేరును. చిన్నగట్టు త్రోవ యట్లు కాదు. బస్సు రహదారి కూడలిలో దింపిపోవును. అచ్చటినుండి గట్టువరకు గల నాలుగైదు మైళ్ళు ఆటోవానికి సొమ్మిచ్చి పోవలెను, లేదా పిల్లలను చంకనెత్తుకొని నడువవలెను. కాగా, నూరుమైళ్ళ దూరపు పెద్దకొండకు ప్రయాణము ఉచితము. పదిమైళ్ళ దూరపు చిన్నకొండకు వెల కలదు! లెక్క తలక్రిందులైనది. నల్లగొండ పట్టణమును ఆనుకొనియున్న పానగల్లులో కందూరు చోడులనాటి ఛాయాసోమేశ్వరాలయము కలదు. గర్భగుడిలో పగలంతయు చెదరక నిలుచు నీడను చూచుటకు దూరదేశపు శాస్త్రజ్ఞులు వత్తురు. దానిని ప్రక్కనుంచుకొని బస్సులోనుండి దిగక గుట్టకు సాగిపోవు మన జనమును తప్పుపట్టి లాభము లేదు. పాసు ఎచ్చట దింపునో అచ్చటనే జనము దిగును.

ఇక పెద్దకొండ సంగతి. పునర్నిర్మాణము ముగిసి 2022 మార్చి 28న యాదగిరిగుట్ట నరసింహస్వామి దర్శనము మరల ప్రారంభమైన నాటినుండి జనము పెరుగుచునే యున్నది. కార్తికపు ఆదివారమున సత్యనారాయణ వ్రతమునకు, దర్శనమునకు గంటలతరబడి బారులలో నిలుచుట మామూలైనది. జనసమ్మర్ద మను మాటను మనము పత్రికలలో తేలికగా వాడుదుము. సంస్కృతమున దాని ధాతువున కర్థము నలుపుట, త్రొక్కుట. సమ్మర్దమనగా ఒకరినొకరు నలుపుకొనుట. పాసు బస్సును చవుక చేయగలదు గాని గర్భగుడి ద్వారమును వెడల్పు చేయలేదు. కొండ పెరుగదు; దినమునకు ఇరువది నాలుగు గంటలే. వచ్చువారి సంఖ్యను అడ్డగించు వెల యొకచోట తొలగినపుడు ఆ వెల మాయము కాదు. మరియొక రూపమున చెల్లవలసివచ్చును. పూర్వము రూపాయలలో చెల్లించినదానిని ఇపుడు గంటలలోను, నిలువుకాళ్ళతోను, పసిపిల్లల యేడ్పులతోను చెల్లించుచున్నాము. ఎవరి సౌకర్యమునకై పథక మేర్పడినదో ఆ స్త్రీలే ఆ వెలను ఎక్కువగా చెల్లించుచున్నారు. ఇక టిక్కెట్టు కొన్న పురుషుడు బస్సులో నిలుచుండియే ప్రయాణము ముగించుచున్నాడు. ఆయన గొణుగుడు మన ప్రాంతపు బస్సులలో వినని చెవి లేదు.

స్వతంత్రముగా బ్రతుకు చిన్నవారికి ఏమగునో గుట్టవద్దనే ఒక దృష్టాంతము దొరకును. ఆలయము మరల తెరచినప్పుడు కొండమీదికి ఆటోలను ఆపిరి. భక్తులకై కొండ పైకి ఉచితపు బస్సులు నడిపిరి. ఏర్పాటు చూచుటకు ముచ్చటగానే యున్నది. కాని అంతవరకు ఆ మెట్టుదారినే నమ్ముకొన్న స్థానికపు ఆటోవారు దారిప్రక్క నిలిచిపోయిరి. దీర్ఘకాలము ఆందోళన చేసిన పిమ్మట 2024 ఫిబ్రవరిలో వారిని మరల కొండపైకి అనుమతించిరి. మహాలక్ష్మి వచ్చిన కొలదిదినములకే రాష్ట్రమంతట ఆటోవారు రాబడి తగ్గినదని రోడ్డెక్కిరి. వారికి ఏడాదికి 12,000 రూపాయలిత్తుమను వాగ్దానము 2023 ఎన్నికల ప్రణాళికలో నుండనే యున్నది. అనగా పాసు వచ్చినచో చిన్నవానికి దెబ్బ తగులునని పాలకులకు సైతము ముందే తెలియును. కాని నష్టపరిహారము వేరు, భాగస్వామ్యము వేరు. పరిహారము చేతిలో పడిన వాడు బిచ్చగానివలె నుండును. భాగము గలవాడు పనివానివలె నుండును.

చిన్న జాతర సన్నగిల్లినచో పోవునది దేవుని మహిమ కాదు. దేవునిచుట్టు అల్లుకొన్న మనుష్యుల పని. కురుమూర్తి జాతరలో ఉద్దాలను ఊరేగించు దినము ప్రాణప్రదమైనది. వడ్డెమాను గ్రామమున చర్మకారులు నియమముతో స్వామికి పాదుకలు కుట్టుదురు. అగ్రవర్ణమువారు, ఇతరులు అనక జనమంతయు ఆ పాదుకలను శిరమున సోకించుకొనుటకు ఎగబడును. ఆత్మకూరునుండి స్వామి యాభరణములు ఊరేగింపుగా వచ్చును. ఒక యూరు చెప్పులిచ్చును, ఒక యూరు నగలిచ్చును, ఒక యూరు కొండనిచ్చును. పెద్దగట్టు జాతరలో కేసారము గ్రామమునుండి దేవరపెట్టె కదలినగాని ఉత్సవము మొదలు కాదు. యాదవుల భేరీలు మ్రోగినగాని రాత్రి తెల్లవారదు. ఈ పనులన్నిటిని పంచుకొన్న ఊళ్ళు కలసి ఒక సంఘమైనవి. అచ్చట చూచువాడు, చేయువాడు అను భేదము తక్కువ. పెద్దకొండకు పోయిన మనిషి భక్తుడు మాత్రమే; తన యూరి జాతరలో వాడు పెట్టె మోయువాడు, డోలు వాయించువాడు, గుండము త్రవ్వువాడు. వాడు పెద్దకొండ బారులో ఒక సంఖ్యగా మారినపుడు చిన్నగట్టు ఒక భక్తుని గాదు, ఒక పనివానిని పోగొట్టుకొనును.

ఒగ్గుకథకులు, బైండ్లవారు, చెక్కబొమ్మలు చేయువారు, గాజులమ్మువారు, మిఠాయి కట్టువారు, వీరందరికిని జాతర ఒక సంవత్సరపు పంట. రాత్రి నిలుచు జాతర వీరిని పోషించినది. కథ వినవలెనన్న రాత్రి కావలెను. సాయంకాలపు బస్సు సిద్ధముగా నున్నప్పుడు రాత్రి నిలుచువారు తగ్గుదురు. తెలుగు బోధించువానిగా నాకు ఈ భాగమే ఎక్కువ బాధ కలిగించును. మన జానపదకథలు అచ్చుపుస్తకములలో కంటె గట్టుల క్రింది చీకటిలో నెక్కువగా బ్రదికినవి. శ్రోత ఎనిమిది గంటల బస్సు నందుకొనవలెనని లేచిపోయినచో కథకుడు సగము కథనెవరికి చెప్పును?

ఈ చిక్కు మన యొక్కరిదే యనుకొనరాదు. మంచుకొండలపై కాళ్ళకు పలకలు కట్టుకొని జారు స్కీయింగు ఆట అమెరికాలో పెద్ద వ్యాపారము. పూర్వము ప్రతి కొండయు తన టిక్కెట్టు తానే అమ్ముకొనెడిది. 2008లో వెయిల్ రిసార్ట్స్ అను సంస్థ 579 డాలర్లకు ఎపిక్ పాసును అమ్మనారంభించినది. ఒకసారి కొన్నవాడు ఆ సంస్థవారి కొండలమీద ఋతువంతయు ఎన్నిమారులైనను జారవచ్చును. 2018లో దానికి పోటీగా ఐకాన్ పాసు వచ్చినది. పాసు లేక ఒక్కరోజు ఆడుకొనవచ్చినవానికి కొన్ని పెద్దకొండలమీద దినపు టిక్కెట్టు 300 డాలర్లు దాటినది. అనగా ఒక్కసారి వచ్చువానిని దండించి, పాసు కొనువానిని లాలించుట వారి పద్ధతి. 2021లో వెయిల్ వారు పాసు వెలను నూటికి ఇరువది చొప్పున తగ్గించిరి. ఆ చలికాలమున వాషింగ్టను రాష్ట్రములోని స్టీవెన్స్ పాస్ అను కొండమీద పనివారు చాలక సగము దారులు మూతపడియుండగా, పాసుదారులు పోటెత్తిరి. విసిగిన జనము నలుబదివేలకు పైగా చేవ్రాళ్ళతో విన్నపము పంపిరి. మన గుట్టమీది ఆదివారపు ముచ్చటకును ఆ మంచుకొండమీది ముచ్చటకును భేదము చలి యొక్కటియే.

ఆ దేశమున చిన్నకొండల వారేమి చేసిరనునది మనకెక్కువ ప్రయోజనకరము. ఊరివారో, ఒక కుటుంబమువారో నడుపుకొను కొండలు అచ్చట చాలనున్నవి. వానికి పెద్దసంస్థల పాసులో చోటులేదు. 2019లో ఇండీ పాసు అను నొక క్రొత్త యేర్పాటు పుట్టినది. దానిని కొన్నవాడు అందులో చేరిన ఒక్కొక్క చిన్నకొండమీద రెండేసి దినములు ఆడవచ్చును. రెండు దినములే గనుక జనము ఒక్కచోట కూడక పలుచోట్లకు చెదరును. వచ్చిన మనిషి లెక్కచొప్పున ఆ కొండకు పాసు సొమ్ములో భాగము ముట్టును. ఇందు రెండు మర్మములున్నవి. ఒకటి, పాసునకు హద్దుండుట. రెండవది, పాసులో చిన్నవానికి భాగముండుట. పాసు అనునది తనంత తాను చెడ్డది కాదనియు, దానిని కట్టిన తీరునుబట్టి జనమును ఒక్కచోట పోగుచేయనో, పలుచోట్ల పంచనో వచ్చుననియు దీనివలన తేటపడుచున్నది.

మన మహాలక్ష్మి ఈ రెండింటిలో దేనిని పోలియున్నది? ఉద్దేశమున రెండవదానిని, నడకలో మొదటిదానిని. వ్యాపారపు లాభము దీనియందు లేదు. కావున దీనిని సరిదిద్దుట సులభము.

ఒక యాక్షేపణకు సమాధానము చెప్పవలసియున్నది. ఉచిత బస్సువలన చిన్న జాతరలకు కూడ జనము పెరిగినదిగదా యని కొందరందురు. జాతర ముఖ్యదినమున పెరిగినమాట కాదనను. కాని ఏడాదిలో మూడువందల దినములు బోసిపోయి ఒక్కదినము మునిగిపోవుట చిన్నగట్టుకు ఆరోగ్యము కాదు. 2025 నవంబరు 1న, కార్తికమాసపు ఏకాదశినాడు, శ్రీకాకుళము జిల్లా కాశీబుగ్గలో ఒక వ్యక్తి స్వయముగా నిర్మించిన వేంకటేశ్వరాలయమున త్రొక్కిసలాట జరిగి తొమ్మిదిమంది ప్రాణములు కోల్పోయిరి. దానికి బస్సులు కారణమని నేననను. చిన్న ఆలయము పెద్ద జనమును ఒక్కపూట మోయలేదనుటకే దాని నుదాహరించుచున్నాను. పెద్దకొండకు పోలీసులు, బారుల కమ్ములు, వైద్యుడు, అధికారులు ఉందురు. చిన్నగట్టుకు ఒక పూజారి, నాలుగు మెట్లు, ఒక చేతిపంపు. అచ్చటికి హఠాత్తుగా జనమును పంపుట మేలుచేయుట కాదు. ఏడాదిపొడుగున కొంచెము కొంచెముగా జనము వచ్చిననే దానికి మెట్లు, నీరు, నీడ అమరును.

మహబూబునగరపు పిల్లలమఱ్ఱి మనకు మంచి పాఠము. ఏడువందల యేండ్ల వయసుగలదని చెప్పబడు ఆ వృక్షము మూడెకరముల మేర నీడ పఱచినది. దాని క్రింద ఎందరు కూర్చున్నను చోటున్నదనియే తరతరములుగా తలచితిమి. 2017 డిసెంబరులో దాని పెద్దకొమ్మ యొకటి విరిగిపడినది. చెదలు ప్రధానకారణమని తేలినది; జనము కొమ్మలపై నెక్కి యూగుటయు, కాండముపై పేళ్ళు చెక్కుటయు దానికి తోడైనవి. సందర్శకులను ఆపి, 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడగట్టి చెట్టుకు మందెక్కించిరి. ఆ చిత్రమును పత్రికలలో దేశమంతయు చూచినది. మూడెకరముల మఱ్ఱికే మోయగల బరువునకు మేరయున్నప్పుడు గుట్టకు, గట్టుకు లేకుండునా? మఱ్ఱి క్రింద మరే మొక్కయు మొలవదని సామెత. చిన్నమొక్కలు మొలవకపోవుట యొక నష్టము. ఆ మఱ్ఱియే కూలుట మరియొక నష్టము. ఒక్క నీడనే నమ్ముకొన్న ఊరికి రెండు నష్టములును కలసియే వచ్చును.

ఇక కర్తవ్యమేమి? నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుదును.

మొదటిది, పాసు కూడలివద్ద ఆగిపోరాదు. జాతరదినములలోనే గాక, ప్రతి అమావాస్యకు చెరువుగట్టుకు, ప్రతి శనివారము కురుమూర్తికి, మన్యంకొండకు పాదమువరకు పోవు బస్సు నడుపవలెను. బస్సు పోజాలని దారిలో స్థానికపు ఆటోవానినే పాసులో చేర్చవలెను. కూడలిలో దిగిన స్త్రీ తన సున్నా టిక్కెట్టును ఆటోవానికి చూపగా, అతడు దాని లెక్కచొప్పున డిపోనుండి సొమ్ము పొందవలెను. ఇది భిక్షము కాదు, కూలి. ఆమెకు మిగిలిన నాలుగుమైళ్ళు ఉచితమగును. వానికి బత్తెము దొరకును. గట్టుకు జనము చేరును.

రెండవది, సున్నా టిక్కెట్టు వట్టి కాగితము కాదు, ఒక సమాచారము. ఏ యూరిలో నెక్కిరి, ఎచ్చట దిగిరి, ఏ తేదీన అనునది టిక్కెట్టు యంత్రమున నమోదగుచున్నది. ఎవరి పేరును బయటపెట్టక, ఏ కొండకు ఏ దినమున ఎందరు పోవుచున్నారో ఆ లెక్కను ప్రకటింపవచ్చును. "నేడు గుట్టపై దర్శనమునకు ఐదు గంటలు పట్టును" అని బస్సుస్టాండు పలకమీద వ్రాసినచో సగముమంది తమంతట తామే మరియొక దినము నెంచుకొందురు. మన జనమునకు తెలివి తక్కువ లేదు; తెలుపువారే తక్కువ.

మూడవది, పెద్దకొండ రాబడిలో చిన్నగట్టుకు భాగము. ఇది క్రొత్తమాట కాదు. 1987నాటి దేవాదాయచట్టము సర్వశ్రేయోనిధిని ఏర్పరచినది. కలిగిన ఆలయముల సొమ్ము లేని ఆలయములకు చేరుట దాని యాశయము. ధూపదీపనైవేద్య పథకము క్రింద చిన్న ఆలయములకు నెలకిచ్చు మొత్తమును 2023లో 10,000 రూపాయలకు పెంచిరి. అది దీపమునకు చాలును, దారికి చాలదు. మెట్లు, మరుగుదొడ్లు, త్రాగునీరు, వెలుతురు, ప్రమాదము తప్పించు రెండవ ద్వారము, వీనికై వచ్చిన జనము లెక్కచొప్పున వేరుగా భాగమీయవలెను. పూజారి లేని గ్రామదేవతల గట్లను గూడ అందులో చేర్చవలెను.

నాలుగవది చిన్న జాతరల పెద్దలకు విన్నపము. గుట్టను చూచి గుట్టవలె కావలెనని యత్నింపకుడు. సిమెంటు తోరణములు, ప్రత్యేకదర్శనపు టిక్కెట్లు, ఇనుపకమ్ముల బారులు మీ సొమ్ము కాదు. ఉద్దాలు మీ సొమ్ము, దేవరపెట్టె మీ సొమ్ము, రాత్రి తెల్లవార్లు సాగు కథ మీ సొమ్ము. పెద్దదానికి చిన్ననకలుగా మారినదానిని ఎవరును దూరమునుండి వచ్చి చూడరు. గట్టు ఎందరిని మోయగలదో ముందుగా లెక్కించి, అంతమందినే ఆదరముతో పిలిచి, రాత్రి నిలుచువారికి పందిరి వేయుడు. కథకునికి చేతిలో పైకము పెట్టుడు.

వ్యయమెట్లని ప్రభుత్వ మడుగవచ్చును. రెండువందల కోట్ల టిక్కెట్లకు వెల చెల్లించిన చేతికి చివరి నాలుగుమైళ్ళ కూలి బరువుకాదు. పథకములో ముప్పాతిక పని ముగిసినది. మిగిలిన కాలుపాలు చేయకున్నచో ముగిసిన ముప్పాతికయు ఇరుకునకే తోడ్పడును.

మన సీమ చిన్నగట్ల సీమ. ఇచ్చట పెద్దనదులు అంచున పాఱును గాని నడుమ పాఱవు. అందుచేతనే పూర్వులు ఊరూర చెరువులు త్రవ్వి, ఒక చెరువు నిండి మత్తడి దూకినచో దిగువ చెరువునకు నీరు చేరునట్లు గొలుసుగా కట్టిరి. నీటిని ఒక్కచోట నిలిపినచో గండిపడునని వారికి తెలియును. జనమును గూడ నట్లే పారించుట నేర్వవలెను. మహాలక్ష్మి వాన కురిపించినది. కాలువలు త్రవ్వుట, తూములు పెట్టుట ఇంక మిగిలియున్నది. రానున్న కార్తికమునకైనను ఆ పని మొదలైనచో, గుట్టమీది బారు కొంత తగ్గును. కురుమూర్తి క్రింది అంగడిలో దీపము మరికొంతసేపు వెలుగును.